ముప్పై ఏడేళ్ల వయసులో ఐకిడో మొదలుపెట్టొచ్చా? (నెల్లూరు)

వేదాయపాళెం_వాసి · నెల్లూరు

అందరికీ నమస్కారం. వయసు 37. పొద్దున తొమ్మిదింటి నుంచి పొద్దుగూకే దాకా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. జిమ్ముకు డబ్బులు కట్టడం, రెండో నెల మానేయడం రెండూ అలవాటైపోయాయి.

మినీ బైపాస్ వైపు ఒక మేడమీది హాల్లో వారానికి మూడు సాయంత్రాలు ఐకిడో (జపాన్ వాళ్ల యుద్ధవిద్య) నేర్పుతున్నారని తెలిసి మొన్న పోయి చూశా. ఇంజనీరింగ్ పిల్లల నుంచి రిటైరైన లెక్కల మాస్టారి దాకా అన్ని వయసుల వాళ్లూ ఉన్నారు. ఒకరు చెయ్యి పట్టుకుంటారు, రెండోవారు పక్కకు తిరుగుతారు, పట్టుకున్నాయన పిల్లిమొగ్గ వేసి లేచి నిలబడతాడు. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. చూడ్డానికి బాగుంది కానీ ఆ మొగ్గ నా వల్ల అవుతుందా అన్నదే టెన్షన్.

మెడనొప్పి అప్పుడప్పుడూ వస్తుంది. మెట్లెక్కితే మోకాళ్లు టకటకమంటాయి. ఈ వయసులో మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేర్పే ఆయనకు నిజంగా వచ్చో రాదో నాలాంటివాడికి ఎట్లా తెలుస్తుంది? డ్రెస్సు వెంటనే కొనాలా? ఇంకోటి, రోడ్డు మీద ఎవడైనా మీదకొస్తే ఇది పనికొస్తుందా అని మా ఆవిడ అడుగుతోంది.

మొలగొలుకులు · నెల్లూరు

జిమ్ము గురించి రాసిన మాట నన్ను చూసి రాసినట్టుంది. ఎవరైనా సమాధానాలిస్తే నేనూ పక్కన కూర్చుని చదువుకుంటా.

కబడ్డీ_పొదిలి · ప్రకాశం

అన్నా, మనసులో ఉన్నది చెప్తా, ఏమనుకోవద్దు. వీడియోల్లో అంతా ఒకటే తంతు. ఒకడు చెయ్యి పట్టుకుని వదలకుండా వేలాడతాడు, అవతలాయన కాస్త తిప్పంగానే పల్టీలు కొడతాడు. మా దగ్గర కబడ్డీ ఆడేవాణ్ని ఒకణ్ని నిలబెట్టి అదే చెయ్యమనండి చూద్దాం. మేం పట్టేది చీలమండ, తొడ, నడుము. ఎవడూ మణికట్టు ఇచ్చి నిలబడడు. ఒళ్లు తగ్గాలంటే పొద్దున్నే గ్రౌండుకు పోయి పరిగెత్తు, ఫీజు మిగులుద్ది.

జో_కర్ర · ఒంగోలు / చెన్నై

మాది ఒంగోలు. ఉద్యోగం చెన్నైలో, అక్కడే చాలాకాలంగా ఐకిడో చేస్తున్నా. పొదిలి తమ్ముడు అడిగినదానికి తర్వాత వస్తా, ముందు వేదాయపాళెం అన్న సంగతి.

వయసు అడ్డం కాదన్నా. ఐకిడోను ఏర్పరచిన మొరిహెయి ఉయెషిబా 1883లో పుట్టాడు. తన విద్యకు మూలమైన దైతో-ర్యూ అనే పాత విద్యను తకెదా సొకాకు దగ్గర మొదలుపెట్టింది 1915లో, ముప్పై దాటాకే. అంతకుముందు వేరే విద్యలు కొంత నేర్చుకున్నాడనుకోండి. ఐకిడో అన్న పేరు ఖాయమైంది 1942లో. 1969లో ఎనభై అయిదేళ్ల వయసులో పోయాడు, చివరిదాకా నేర్పుతూనే ఉన్నాడు. మనం ఉయెషిబాలం కాము, అది వేరే మాట. పోటీలు లేని విద్య కాబట్టి ఇరవై ఏళ్ల కుర్రాడితో పరిగెత్తాల్సిన పని లేదు. మా దగ్గర యాభై దాటాక చేరినవాళ్లు ఉన్నారు.

అసలు విషయం పడటం. ఐకిడోలో ఇద్దరిద్దరుగా చేస్తారు. దాడి చేసి పడేవాణ్ని ఉకె అంటారు, టెక్నిక్ చేసేవాణ్ని నాగె అంటారు, కొన్నిచోట్ల తోరి అంటారు. నాలుగుసార్లు అతను చేస్తే నాలుగుసార్లు మీరు చేస్తారు. అంటే గంట క్లాసులో అరగంట మీరు పడేవారే. పడటం సరిగా రానివాడికి ఆ అరగంట భయంతో గడుస్తుంది. భయంతో ఒళ్లు బిగుస్తుంది, బిగిస్తే దెబ్బ తగులుతుంది. అందుకే మొదటి మూడు నెలలు మీ పని పడటం నేర్చుకోవడమే అనుకోండి. చేతులు తిప్పడం, మనుషుల్ని విసరడం పక్కన పెట్టేయండి.

మొదటిరోజే నిలబడి పడమని మంచి మాస్టరు ఎవరూ అనరు. మ్యాట్ మీద కూర్చోబెడతారు. ఒక కాలు మడిచి పిరుదు కిందకు తెచ్చుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద పెట్టాలి. అట్లా వెనక్కి వాలితే వీపు గుండ్రంగా నేలకు తగులుతుంది, తల తగలదు. చూపు సీలింగు ఫ్యాను మీదకు పోయిందంటే తల వెనక భాగం మ్యాట్‌కు కొట్టుకుంటుంది. చేతులు ఒంటికి కాస్త ఎడంగా, అరచెయ్యి, ముంజేయి కలిపి ఒక్కసారి మ్యాట్ మీద కొట్టాలి. మోచెయ్యి మాత్రం ముందుగా ఆనకూడదు.

ముందుకు దొర్లడం దీని తర్వాత. చేతిని విల్లులా వంచి ముందుకు పెడితే చిటికెనవేలి వైపు అంచు మొదట నేలను తాకుతుంది. అక్కణ్నుంచి ముంజేయి, భుజం, వీపు మీదుగా ఏటవాలుగా అవతలి తుంటికి పోవాలి. కుడి భుజంతో మొదలైతే ఎడమ తుంటితో లేస్తాం. స్కూల్లో వేసే పిల్లిమొగ్గ మెడ మీదుగా, వెన్నుపూస మీదుగా తిన్నగా దొర్లుతుంది. ఇందులో మెడ నేలకు తగలనే కూడదు. మీరు చూసినాయన చప్పుడు లేకుండా లేచాడన్నారు కదా, అక్కడ పడటం బాగానే నేర్పుతున్నట్టుంది.

ఫిజియో_ఒంగోలు · ఒంగోలు

నేను ఫిజియోథెరపిస్టును. ఐకిడో చెయ్యను కానీ కుస్తీ, జూడో, కబడ్డీ పిల్లలు నా దగ్గరకు వస్తుంటారు.

వేదాయపాళెం గారూ, మెడనొప్పి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నొప్పి మెడలోనే ఆగుతోందా, చేతిలోకి దిగుతోందా? వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? పట్టు తగ్గిందా? తల తిప్పితే కళ్లు తిరుగుతున్నాయా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టరుకు దొర్లే పని ఉందని చెప్పి, పరీక్ష చేయించుకుని, ఆయన సరేనన్నాకే చేరండి. వ్యాయామం చెయ్యొచ్చా అని అడిగితే నడకో యోగానో అనుకుని చెయ్యమంటారు. నేల మీద దొర్లాలి అని చెప్పి అడగండి.

ఇవేవీ లేవు, రోజంతా స్క్రీన్‌లోకి తొంగి చూసినందుకు వచ్చే బిగుతు నొప్పే అయితే దొర్లడం వరకు రావచ్చు. కానీ మొదట్లో మెడ ముందు భాగం బాగా నొప్పి పుడుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి పట్టుకునే కండరాలను మనం ఎప్పుడూ వాడం కదా, వాటికి కొత్త. పడుకుని తల ఒక అంగుళం పైకెత్తి కొన్ని సెకన్లు ఆపడం ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

మోకాళ్లు టకటకమనడం ఒక్కటే అయితే, నొప్పి, వాపు లేకపోతే భయపడనక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే ఐకిడోలో మోకాళ్ల మీద కూర్చుని చేసేవి, మోకాళ్ల మీదే నడిచేవి ఉంటాయట. మోకాలి చిప్ప మీద బరువు వేసి తిరగడం నలభైకి దగ్గరపడ్డ మోకాలికి మంచిది కాదు. ముందే చెప్పి నిలబడి చేసేవి మాత్రమే చెయ్యండి.

జో_కర్ర · ఒంగోలు / చెన్నై

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. మోకాళ్ల నడకను షిక్కో అంటారు. మా దగ్గర మోకాళ్లు బాగాలేనివాళ్లు అది మొదలవగానే పక్కకు వచ్చి నిలబడి చేసుకుంటారు, మాస్టరు ఏమీ అనరు. ఏమైనా అనే మాస్టరైతే అక్కడినుంచి వచ్చేయొచ్చు.

దర్గామిట్ట_భాయ్ · నెల్లూరు

మోకాళ్ల మీద కూర్చోవడాన్ని సైజా అంటారు, చూస్తే మన వజ్రాసనమే. నేను రోజూ నమాజులో కూర్చునేది దాదాపు అట్లాగే, అందుకని నాకేం కొత్త అనిపించలా. మా బ్యాచ్‌లో కుర్చీలకు అలవాటుపడ్డ పిల్లలే తిమ్మిరెక్కి లేవలేక తూలిపోతుంటారు. అన్నం తినేటప్పుడు కింద కూర్చునే అలవాటు ఉంటే చాలన్నా, నెలరోజుల్లో వచ్చేస్తుంది.

మీరు చెప్పిన హాలు ఏదో నాకు అర్థమైంది, నేనూ అక్కడికే వస్తా. రొట్టెల పండగ రోజుల్లో మాత్రం ఈ వైపు నుంచి బండి తియ్యడం నా వల్ల కాదు, ఆ వారం నేను సెలవు.

కావలి_అక్క · నెల్లూరు (పుట్టిల్లు కావలి)

నేను కూడా ఆ హాలే. అయితే ఇక్కడ అడగని ప్రశ్నకు సమాధానం చెప్తా, మీ ఆవిడ గారికి పనికొస్తుంది. ఆమె కూడా రావచ్చు, మేం నలుగురం ఆడవాళ్లం ఉన్నాం.

ఒంటి మీద గట్టిగా ఉండేది ఏదీ ఉండకూడదు. గాజులు తీసేయాలి, చెవులకు వేలాడేవి వద్దు. మెట్టెలు మ్యాట్ అతుకుల్లో చిక్కుకుంటాయి. తియ్యడానికి మనసొప్పకపోతే వేలి చుట్టూ మెడికల్ టేపు చుట్టుకోండి. తాళి సంగతి ఎవరిష్టం వాళ్లది. నేను పసుపుతాడుకు మార్చుకుని లోపలి బనియన్‌లోకి దోపేస్తా. గొలుసుతో మాత్రం రావద్దు, కాలర్ పట్టే టెక్నిక్‌లో మెడకు కోసుకుంటుంది. గోళ్లు మగవాళ్లు కూడా కత్తిరించుకోవాలి నాయనా, మణికట్టు పట్టుకున్న ప్రతిసారీ అవతలివాళ్లకు గీతలు పడతాయి.

మగవాళ్లతో జతగా చెయ్యాలా అని మా అత్తగారు అడిగారు. చెయ్యాలి. కానీ ఎవరితో సౌకర్యంగా ఉంటే వాళ్లతో మొదలుపెట్టనిచ్చారు మాకు. మొదట్లో మా నలుగురం మేమే చేసుకునేవాళ్లం. ఇప్పుడు ఎత్తుగా, బరువుగా ఉండే అబ్బాయిలతో చెయ్యాలనే అనిపిస్తుంది, వాళ్లు కదిలితే అప్పుడు నమ్మకం కుదురుతుంది.

ఇంకో మాట, తామర. నవ్వకండి. మన ఊళ్ల ఉక్కపోతలో చెమట బట్టలు, ఒకే మ్యాట్, పదిమంది. ఎవరికైనా ఉంటే అందరికీ అంటుకుంటుంది. ఇంటికి రాగానే స్నానం, ఉతకని డ్రెస్సు మళ్లీ వెయ్యకూడదు. మచ్చ కనబడితే మెడికల్ షాపువాడు ఇచ్చే మిక్స్ క్రీము పూసుకోవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే దురద తగ్గినట్టే తగ్గి మచ్చ ఇంకా పాకుతుంది. చర్మం డాక్టరుకే చూపించాలి, తగ్గేదాకా మ్యాట్ ఎక్కకూడదు.

వేదాయపాళెం_వాసి · నెల్లూరు

అందరికీ చాలా థ్యాంక్స్. ఫిజియో మేడమ్, చేతిలోకి దిగడం, తిమ్మిర్లు ఏమీ లేవండి, మెడ వెనక బిగుతుగా ఉంటుంది అంతే. అయినా మీరన్నట్టు దొర్లడం గురించి చెప్పి అడిగొస్తా. అక్కా, మా ఆవిడకు మీ పోస్టు చూపించా. రెండుసార్లు చదివింది, ఏమీ అనలేదు. అంటే ఆలోచిస్తోందని.

కందుకూరు_నాన్న · కందుకూరు

నమస్తే. మా అబ్బాయికి పదేళ్లు. ఐకిడోలో చేర్పిస్తే సర్టిఫికెట్లు వస్తాయా? స్పోర్ట్స్ కోటాకు పనికొస్తాయా?

జూడో_మాజీ · నెల్లూరు

కందుకూరు అన్నా, కోటా కోసమైతే ఐకిడో వద్దు. స్పోర్ట్స్ కోటా నడిచేదే పోటీల్లో గెలిచిన మెడల్ మీద. ఐకిడోలో ఎక్కువమంది చేసే పద్ధతుల్లో పోటీలే లేవు. తొమికి కెంజి అని జూడో నుంచి వచ్చిన ఉయెషిబా శిష్యుడు ఒకాయన పోటీలు పెట్టి వేరే పద్ధతి తయారుచేశాడు కానీ మన వైపు ఆ ఊసే లేదు. పిల్లాడికి మెడల్ కావాలంటే జూడో చూడండి. 1964 టోక్యోలో తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది, 1972 నుంచి ప్రతిసారీ ఉంది, స్కూల్ గేమ్స్‌లోనూ ఉంది. కబడ్డీ అయినా సరే, పొదిలి తమ్ముడు సంతోషిస్తాడు.

ఈ రెంటికీ చుట్టరికం కూడా ఉంది. జూడోను పెట్టిన కానో జిగొరో 1930లో ఉయెషిబాను చూసి, ముచ్చటపడి తన శిష్యుల్ని కొందరిని అక్కడికి నేర్చుకోవడానికి పంపాడు. పడే పద్ధతులు దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఐకిడో క్లాసు లేని ఊళ్లో ఉన్నవాళ్లు ఏడాది జూడో చేసి, తర్వాత ఐకిడోకు పోతే సగం కష్టం తీరిపోయినట్టే.

ఫిజియో_ఒంగోలు · ఒంగోలు

పిల్లల విషయంలో ఒక్కటే. ఎదిగే ఎముకల చివర్లు మెత్తగా ఉంటాయి. పదేళ్ల పిల్లాడికి దొర్లడం, పడటం, తిరగడం బాగా మంచివి. మణికట్టు, మోచెయ్యి మెలిపెట్టేవి నేర్పుతున్నారంటే ఒప్పుకోవద్దు. జూడోలోనూ చిన్నపిల్లలకు కీలు పట్లు ఉండవు.

కందుకూరు_నాన్న · కందుకూరు

అర్థమైంది మేడమ్. వాడికైతే జూడో. నాకే ఐకిడో మీద కాస్త మనసు పోతోంది ఇది చదువుతుంటే.

కబడ్డీ_పొదిలి · ప్రకాశం

నా ప్రశ్న అట్లాగే ఉంది. చెయ్యి ఎవడిస్తాడు?

జో_కర్ర · ఒంగోలు / చెన్నై

వస్తున్నా తమ్ముడూ. మణికట్టు పట్టుకోవడం కత్తుల కాలం నాటి అలవాటని చెప్తారు. ఎదుటివాడు కత్తి దూయకుండా చెయ్యి పట్టుకుని ఆపేవారు. ఈ రోజుల్లో రోడ్డు మీద ఎవడూ అట్లా రాడు, ఒప్పుకుంటా. మరి ఎందుకు చేస్తామంటే, అది నేర్చుకోవడానికి వీలైన చోటు. గుద్దు మీదకు వస్తుంటే ఎవడికీ ఏదీ నేర్పలేం.

ఒక్క కదలిక చెప్తా, ఇంట్లో ఎవరితోనైనా చేసి చూడు. నీ కుడికాలు ముందు, అతని ఎడమకాలు ముందు. అతను ఎడమచేత్తో నీ కుడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. ఎవరికైనా మొదట తోచేది చెయ్యి వెనక్కి లాక్కోవడం. లాగితే బలమున్నవాడిదే చెయ్యి. లాగకు. పట్టుకున్న చెయ్యిని ఉన్నచోటే ఉంచి, వేళ్లు నీ పొట్ట వైపు తిప్పుకో. నీ కుడికాలు అతని ఎడమకాలి బయటి పక్కకు వేసి, దాని మీదే తిరిగి ఎడమకాలు వెనక్కి తెచ్చుకో. ఇప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకేవైపు చూస్తుంటారు. అతని బలమంతా ఇందాక నువ్వున్న చోటికి పోతోంది, అక్కడ నువ్వు లేవు. చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది, కానీ భుజం ముందుకు సాగి కాలు తేలికైంది. దీన్ని తెన్కాన్ అంటారు. మొదటి నెలంతా ఇదే చేయిస్తారు, విసుగొచ్చేదాకా.

ఇక నీ అసలు అనుమానం. కబడ్డీవాడు తల దించి కాళ్ల మీదకు దూకితే ఐకిడో దగ్గర సమాధానాలు తక్కువ. రేపు కొట్లాట ఉంది, గెలవాలి అనుకునేవాడు బాక్సింగో కుస్తీయో చేసుకోవాలి. ఎదురుబలం పెట్టి సాధన చెయ్యని క్లాసులు ఐకిడోలో చాలా ఉన్నాయి, పడేవాడు మర్యాదకు పడుతుంటాడు, అది చూసే నువ్వు నవ్వావు. నీ నవ్వులో న్యాయం ఉంది. కానీ అన్నీ అట్లా ఉండవు. షియోదా గొజో 1955లో పెట్టిన యోషిన్‌కాన్ పద్ధతి టోక్యోలో అల్లర్లను అదుపుచేసే రయట్ పోలీసులకు నేర్పుతారు. అక్కడ మర్యాదకు పడటాలు ఉండవు.

కబడ్డీ_పొదిలి · ప్రకాశం

మా తమ్ముడితో చేసి చూశా. మొదటిసారి వాడు వదిలేశాడు, రెండోసారి ముందుకు తూలాడు. మూడోసారి నా కాలు పట్టేశాడు. ఇద్దరం కింద పడ్డాం. పర్లేదు, ఏదో ఉంది అందులో. పూర్తిగా ఒప్పుకున్నానని అనుకోమాక.

మొలగొలుకులు · నెల్లూరు

మీ తమ్ముణ్ని నెల్లూరు పంపండి, హాలుకు చేర్పిస్తాం.

కావలి_అక్క · నెల్లూరు

వేదాయపాళెం గారి ఆవిడ అడిగినదానికి ఎవరూ సూటిగా చెప్పలేదు. నా అభిప్రాయం ఇది. మన ట్రంక్ రోడ్డు మీద మనకు జరిగేది గొలుసు లాక్కుపోవడం. బండి మీద వెనక నుంచి వస్తాడు, ఒక్క క్షణం. దానికి ఐకిడో లేదు, కరాటే లేదు. గొలుసు వదిలెయ్యండి, పట్టుకుని లాగితే బండితో పాటు ఈడ్చుకుపోతాడు. అరవండి, 112కి ఫోన్ చెయ్యండి.

అయితే నాకు ఉపయోగపడింది వేరే చోట. వానాకాలంలో అపార్ట్‌మెంట్ మెట్ల మీద కాలు జారింది. గడ్డం దానంతట అదే ఛాతీకి అతుక్కుంది, చెయ్యి నేలకు అడ్డం పెట్టలేదు. పిరుదు మీద దెబ్బ తగిలింది, తలకు, మణికట్టుకు ఏం కాలేదు. మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. ఎవడో మీదకొచ్చే రోజు జన్మలో వస్తుందో రాదో, కాలు జారే రోజు మాత్రం తప్పకుండా వస్తుంది.

కొత్తపట్నం_అల · ప్రకాశం

మా వైపు క్లాసు లేదు. బీచ్ ఇసుకలో దొర్లడం ప్రాక్టీసు చేస్తే ఎట్లా ఉంటుంది? చిన్నప్పుడు వరిగడ్డి వామి మీద నుంచి దూకి దొర్లినవాళ్లమే కదా. వీడియో చూసి మొదలుపెడదామని.

జూడో_మాజీ · నెల్లూరు

వామి మీద ఎట్లా పడ్డా ఏం కాదు, అందుకే అక్కడ పడటం రాదు. ఇసుక అంతకన్నా మోసం. తడి ఇసుకకు, సిమెంటు నేలకు పెద్ద తేడా ఉండదు. పొడి ఇసుకలో చెయ్యి దిగబడుతుంది, ఒళ్లు ముందుకు పోతుంది, భుజం జారుతుంది. వీడియోలో నీ తల ఎటు చూస్తోందో చెప్పేవాడు ఉండడు. నెలకు రెండు ఆదివారాలు నెల్లూరు వచ్చి నేర్చుకుని, మధ్యలో ఇంట్లో పరుపు మీద కూర్చుని వెనక్కి వాలడం ఒక్కటే చేసుకో. నిలబడి పడే ప్రయత్నం పరుపు మీద కూడా చెయ్యకు.

మాస్టరును ఎట్లా తెలుసుకోవాలని వేదాయపాళెం అన్న అడిగాడు కదా. నేను వేరే ఊళ్లో, పేరొద్దు, ఒక క్లాసుకు కొన్నాళ్లు పోయా. కొత్తగా వచ్చినవాణ్ని ముందుకు పిలిచి మణికట్టు మెలిపెట్టి, వాడు అరిస్తే అందరివైపూ చూసి నవ్వేవాడు ఆయన. నొప్పి పుట్టగానే చేత్తో రెండుసార్లు మ్యాట్‌ను కానీ, ఎదుటివాణ్ని కానీ, సొంత ఒంటిని కానీ తట్టాలి. తట్టగానే వదిలెయ్యాలి, ఇది ప్రపంచమంతా ఉన్న నియమం. ఆయన తట్టిన తర్వాత ఇంకాస్త తిప్పేవాడు, సహనం రావాలట. ఒక కుర్రాడికి మణికట్టు వాచి పదిహేను రోజులు బండి నడపలేకపోయాడు. గోడ నిండా సర్టిఫికెట్లే.

కాబట్టి గోడ వైపు చూడొద్దు. అందరిలోకీ కొత్తవాడు ఎవరో చూసి, ఆ మనిషినే క్లాసంతా గమనించండి. పెద్ద బెల్టువాళ్లు వాడితో ఎట్లా చేస్తున్నారు? వాడి వేగానికి తగ్గుతున్నారా, వాడి మీద ప్రతాపం చూపిస్తున్నారా? వాడు తట్టాడా, తట్టగానే వదిలారా? మాస్టరు వాడి దగ్గరకు ఎన్నిసార్లు వచ్చాడు? క్లాసయ్యాక వాడి ముఖం ఎట్లా ఉంది? అంతకన్నా పరీక్ష లేదు.

జో_కర్ర · ఒంగోలు / చెన్నై

దీనికి రెండు మాటలు కలుపుతా. మీరు ఇప్పుడు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు అని ఆ మాస్టరును మర్యాదగా అడగండి. ఐకిడోలో అందరికీ పైన ఒకరుంటారు, ఏడాదికోసారైనా వాళ్ల దగ్గరకు పోయి వస్తుంటారు. ఈ ప్రశ్నకు సంతోషంగా సమాధానం చెప్తారు నిజమైనవాళ్లు. నాకు ఎవరూ లేరు, నేనే కనిపెట్టా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఐకికాయ్ అనే సంస్థ పద్ధతైతే బ్లాక్ బెల్టు సర్టిఫికెట్ టోక్యోలోని వాళ్ల ప్రధాన కేంద్రం, హొంబు డోజో నుంచి వస్తుంది, అది ఉందా అని అడగడంలో తప్పులేదు.

రెండోది డబ్బులు. ఆరునెలల ఫీజు ఒకేసారి కట్టమన్నా, మూడునెలలకో రంగు బెల్టు అని పరీక్ష ఫీజులు అడిగినా ఆలోచించండి. చాలాచోట్ల పెద్దవాళ్లకు తెల్ల బెల్టు, నల్ల బెల్టు రెండే. మధ్యలో క్యూ గ్రేడులు ఉంటాయి, అయిదు నుంచి ఒకటికి దిగుతాయి, కొన్నిచోట్ల ఆరు నుంచి. హొంబులో అయిదో క్యూ పరీక్షకే ముప్పై రోజుల సాధన అడుగుతారు. అంటే వారానికి మూడుసార్లు పోతే రెండున్నర నెలలు, మన పెళ్లిళ్లు, పండగలు కలుపుకుంటే నాలుగు.

మొలగొలుకులు · నెల్లూరు

జో_కర్ర అన్నా, నీ పేరులో జో అంటే మన కర్రసాము కర్రేనా? మా తాత దసరాకు తిప్పేవాడు.

జో_కర్ర · ఒంగోలు / చెన్నై

జో పొడవు సుమారు 128 సెంటీమీటర్లు, చంక దాకా వస్తుంది. మన కర్రసాము కర్ర చాలాచోట్ల మనిషి ఎత్తు ఉంటుంది, తిప్పుడు ఎక్కువ. జోతో పొడవడం, రెండు కొనలూ మార్చి మార్చి కొట్టడం ఎక్కువ. చెక్క కత్తి కూడా ఉంటుంది, బొక్కెన్ అంటారు. చేతుల కదలికల్లో చాలావరకు కత్తి నుంచి వచ్చినవే, అది పట్టుకున్నాక షిహొనాగె (నాలుగు దిక్కుల విసురు) లాంటి టెక్నిక్‌లు హఠాత్తుగా అర్థమవుతాయి. మీ తాత బతికుంటే ఆయన కాళ్లు ఎట్లా కదిపేవాడో అడిగి రాసి పెట్టుకో, అది ఏ క్లాసులోనూ దొరకదు.

మొలగొలుకులు · నెల్లూరు

ఉన్నాడు. ఎనభై దాటింది, ఇంకా నన్ను కర్రతో అదిలిస్తాడు. అడుగుతా.

వేదాయపాళెం_వాసి · నెల్లూరు

అప్‌డేట్. డాక్టరు సరేనన్నాడు, వెనక్కి దొర్లేటప్పుడు నిదానం అన్నాడు. నిన్న చేరిపోయా. జూడో అన్న చెప్పినట్టు అంతకుముందు ఇంకోసారి పోయి కొత్త కుర్రాణ్ని గమనించా. రిటైరైన లెక్కల మాస్టారే వాడికి జతగా వచ్చారు, వాడు భయపడినప్పుడల్లా ఆయన మోకాళ్ల మీద కూర్చుని వాడి తల వెనక చెయ్యి పెట్టి వాలనిచ్చారు. అది చూశాక ఇంక అడగాల్సింది కనబడలా.

నిన్న నాకు పడింది కూర్చుని వెనక్కి వాలడమే. గంటలో సగం అదే. ఇవాళ మంచం మీద నుంచి లేవాలంటే తలను చేత్తో ఎత్తుకోవాల్సి వచ్చింది, ఫిజియో మేడమ్ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. తొడలు కూడా పట్టేశాయి. మా ఆవిడ సోమవారం చూడ్డానికి వస్తానంది.

ఇక డ్రెస్సు. ట్రాక్ ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ టీషర్టుతో రెండు నెలలు రమ్మన్నారు మాస్టరు. నాకైతే కొనేయాలని ఉంది. కరాటేదా, జూడోదా? నా ఎత్తు 168.

ఫిజియో_ఒంగోలు · ఒంగోలు

రేపు కూడా నొప్పి ఉంటుంది, ఎల్లుండికి తగ్గుతుంది. అయిదు రోజులైనా తగ్గకపోయినా, చేతిలోకి దిగినా క్లాసు ఆపి చూపించుకోండి. మే నెలలో ఆ హాల్లో ఫ్యాన్లు మాత్రమే ఉంటే నీళ్లతో పాటు ఉప్పు వేసిన మజ్జిగ తీసుకుపోండి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు సంగతి తమ డాక్టరును అడిగి.

కావలి_అక్క · నెల్లూరు

కరాటే డ్రెస్సు పలచన, కాలర్, చొక్కా చెయ్యి పట్టి లాగితే చిరుగుతుంది. జూడోది మందం, పట్టుకు ఆగుతుంది, మోకాళ్ల దగ్గర రెండు పొరలు ఉంటాయి. అందులోనూ ఒంటిపొర నేతది తీసుకోండి. బరువైన రెండుపొరలది మన ఎండలకు పనికిరాదు. కింద వేసుకునే నల్ల లుంగీ ప్యాంటు లాంటిది, హకామా, అది ఇప్పుడే కొనకండి, చాలాచోట్ల బ్లాక్ బెల్టు వచ్చాకే.

నూలుది కాబట్టి మొదటి రెండు ఉతుకుల్లో కుంచించుకుపోతుంది. 168కి సైజు 4 తీసుకోండి, దాని మీద 170 అని రాసి ఉంటుంది. చన్నీళ్లలో ఉతకండి, వేడినీళ్లు వద్దు, డ్రయ్యర్ వద్దు. కొంటే మీ ఆవిడ గారికి కూడా ఒకేసారి కొనకండి, సోమవారం ఆమెను చూడనివ్వండి ముందు. ఆమె కొలతలకు ఆడవాళ్ల ప్యాంటు సైజులు వేరుగా చూడాలి, నాకు మెసేజ్ పెట్టమనండి.

కందుకూరు_నాన్న · కందుకూరు

శనివారం క్లాసు ఎన్నింటికి? అబ్బాయి జూడో సంగతి కనుక్కోవడానికి నెల్లూరు వస్తున్నా, ఒకసారి మీ హాలుకు కూడా వచ్చి కూర్చుంటా.

దర్గామిట్ట_భాయ్ · నెల్లూరు

ఆరున్నరకు అన్నా. పావుగంట ముందు రండి, మ్యాట్లు పరచడానికి ఒక చెయ్యి తక్కువగా ఉంది.